రెండు నట్ల బిగువు

నాంచారయ్య ఆ ఆదివారం పొద్దున్నే బాజీ మేస్త్రీ దగ్గరికి బయల్దేరింది ఇంజిన్ ఎంచుకోవడం చేతకాక కాదు. బెజవాడ ఆటోనగర్‌లో ఏ బండికి ఏ ఇంజిన్ కుదురుతుందో చెప్పమంటే జనం వేలు పెట్టి చూపించేది అతని షెడ్డునే. వ్యాను ఇంజిన్ తీసి జీపులోనూ, జీపు ఇంజిన్ తీసి పడవలోనూ కూర్చోబెట్టిన చెయ్యి అతనిది. ఆ చేతికి ఎంత పేరుందో అతనికి బాగా తెలుసు. ఆ సంగతి అతని నడకలోనే తెలిసిపోయేది.

అతని కష్టం వేరు. పదహారేళ్ళ కూతురు చందన మూడు వారాలుగా ఏమడిగినా ఒకటే జవాబు చెబుతోంది.

"నీ ఇష్టం నాన్నా."

ఆ పిల్ల మొదట్నుంచీ ఇలా లేదు. అసలీ కారు గొడవంతా మొదలుపెట్టిందే తను. టెన్తు పరీక్షలయిన మర్నాడు తండ్రితో పాటు పాత ఇనుప సామాన్ల యార్డుకి వెళ్ళి, అక్కడ మూల పడున్న ఆకుపచ్చ అంబాసిడర్ ముందు నిలబడిపోయింది. యాభై ఏళ్ళు దాటిన బండి. అద్దాలు లేవు, సీట్లలో ఎలుకలు కాపురం పెట్టాయి. "దీన్ని మనిద్దరం బాగుచేద్దామా నాన్నా?" అంది. నాంచారయ్య ఆ మాటని వారం రోజులపాటు ఆటోనగర్‌లో కనపడ్డవాళ్ళందరికీ చెప్పాడు. కొడుకు లేడు, ఈ షెడ్డు తర్వాత ఎవరు చూసుకుంటారని తనమీద జాలిపడే పెద్దమనుషులకి రెండుసార్లు చెప్పాడు.

ఎండాకాలమంతా ఇద్దరూ తుప్పు గీకారు. ఇంటర్లో చేరాక కూడా చందన సాయంత్రం కాలేజీ నుంచి తిన్నగా షెడ్డుకే వచ్చేది. గోళ్ళలో నల్లటి మడ్డి పోవడం లేదని వాళ్ళమ్మ రమణి గోల పెట్టేది. జనవరిలో జరిగే పాత కార్ల ప్రదర్శనకి బండిని తీసుకెళ్ళాలని పందెం వేసుకున్నట్టు పనిచేశారు.

దసరా వెళ్ళాక నాంచారయ్య కూతురికి మొదటిసారి సొంతంగా ఒక పని అప్పగించాడు. ఇంజిన్ నెత్తి మీద టోపీలా ఉండే రేకు మూత, టాపెట్ కవరు. దానికింద నూనె కారకుండా ఆపే కార్కు ప్యాకింగ్ పాతదయింది, మార్చాలి. పైన రెండే రెండు నట్లు. చందన ఒక సాయంత్రమంతా కూర్చుని మార్చింది. మర్నాడు ఇంజిన్ స్టార్ట్ చేస్తే మూత రెండు పక్కల నుంచీ నూనె కారింది.

"పోనీలేమ్మా" అన్నాడు నాంచారయ్య. "ముసలి ఇంజిన్. పొగ కూడా కక్కుతోంది. దీన్ని పీకి అవతల పారేసి మంచిది పెడదాం."

మంచి మనసుతోనే అన్నాడు. చందన తల ఊపి, చేతులు తుడుచుకుని ఇంటికి వెళ్ళింది. ఆ రోజు నుంచే "నీ ఇష్టం" మొదలైంది.

పిల్లకి బండి మీద మనసు విరిగింది, బలమైన ఇంజిన్ చూపిస్తే మళ్ళీ హుషారొస్తుంది అనుకున్నాడు తండ్రి. గుంటూరు వెళ్ళాడు, ఏలూరు వెళ్ళాడు, ఇంజిన్లు అమ్మే పిచ్చేశ్వరరావు గోడౌన్లో గంటలు గంటలు తిరిగాడు. మూడు ఇంజిన్లు ఏరాడు. ఒక్కోదాని గురించీ అన్నం తినేటప్పుడు కూతురికి వర్ణించి చెప్పాడు. ఆ పిల్ల కంచంలోంచి తలెత్తకుండా అదే మాట అంది. రమణి మజ్జిగ పోస్తూ, "అది షెడ్డుకి రావడం మానేసి పది రోజులైంది. నీకు ఇంజిన్లు తప్ప ఏమీ కనపడవా?" అంది. ఆ రాత్రి అతనికి తిన్నది ఒంటబట్టలేదు.

అందుకని బాజీ మేస్త్రీ. పదిహేనేళ్ళ వయసులో నాంచారయ్యకి పానా ఏ చేత్తో పట్టుకోవాలో చూపించిన మనిషి ఆయనే. ఇప్పుడు డెబ్బై ఆరేళ్ళు. పెద్ద పనులు మానేసి, మొదటి వీధిలోని తన రేకుల షెడ్డులో కూర్చుని పాత స్కూటర్ల కార్బురేటర్లు శుభ్రం చేసుకుంటున్నాడు. తండ్రీ కూతుళ్ళు అంబాసిడర్లోనే వెళ్ళారు. తన బండి పొగ కక్కడం ఎవరి కంటా పడకూడదని నాంచారయ్య ఏడింటికల్లా బయల్దేరదీశాడు.

మేస్త్రీ ముందు పిల్లనే పలకరించాడు. "ఏం చదువుతున్నావమ్మా?"

"ఇంటర్ ఫస్టియర్, తాతగారూ."

"టీ తాగుతావా?"

"తాగుతానండీ."

నాంచారయ్య ఆగలేకపోయాడు. పెళ్ళిళ్ళ పేరయ్య సంబంధాలు చెప్పినట్టు మూడు ఇంజిన్ల గుణగణాలూ ఏకరువు పెట్టాడు. ఒకటి డీజిలు, కొండైనా ఎక్కుతుంది. ఇంకోటి ఇదే కారుకి తర్వాతి రోజుల్లో వచ్చిన పెద్ద పెట్రోలు ఇంజిన్. మూడోది యాక్సిడెంటయిన కొత్త కారుది, మూడు వేల కిలోమీటర్లు కూడా తిరగలేదు.

"మీరు ఏది పెట్టమంటే అది పెడతాను మేస్త్రీ" అన్నాడు.

"అమ్మాయేమంటోంది?"

"నీ ఇష్టం అంటోంది."

చందన టీ గ్లాసులోకి చూస్తూ కూర్చుంది. మేస్త్రీ కాసేపు ఆమెను, కాసేపు శిష్యుణ్ణి చూశాడు.

"పాతదాన్ని చూడకుండా కొత్తది ఎట్లా చెప్పనురా? బండి లోపలికి తోసి బానెట్టు ఎత్తు."

నాంచారయ్య చొక్కా చేతులు మడిచి, ప్యాంటు వెనక జేబులోంచి పానా తీశాడు. ఆ పానా గురించి ఒక మాట చెప్పుకోవాలి. అది ఇరవై ఏళ్ళుగా ఆ జేబులోనే ఉంది. రోజూ సాయంత్రం తన షెడ్డులో ఒక చుట్టు తిరిగి, పనివాళ్ళు బిగించిన ప్రతి నట్టు మీదా పావు చుట్టు వేస్తేగానీ అతనికి పని పూర్తయినట్టు ఉండదు. ఆటోనగర్‌లో దాన్ని నాంచారయ్య బిగువు అంటారు. ఆ బిగువు పడిందా లేదా అని అడిగి మరీ బండి తీసుకెళ్ళేవాళ్ళున్నారు.

మేస్త్రీ చెయ్యి చాపాడు. నాంచారయ్య పానా ఇచ్చాడు. మేస్త్రీ దాన్ని చందన చేతిలో పెట్టాడు.

తర్వాత గోడకున్న మేకు దగ్గరికి వెళ్ళి, ఇనప పంజరంలో బల్బు బిగించిన చేతిలైటు తీశాడు. వైరుకి నాలుగు చోట్ల టేపు చుట్టి ఉంది. ప్లగ్గు పెట్టి, వెలుగుతున్న లైటుని శిష్యుడి ముందుకు చాపాడు.

"పట్టుకో."

నాంచారయ్య నవ్వాడు. ఈ షెడ్డులో ఎంతటివాడైనా మొదటి రెండేళ్ళూ లైటు పట్టాల్సిందే. పట్టపగలు కూడా బానెట్టు కింద చీకటిగా ఉండే షెడ్డు ఇది. అతనూ రెండేళ్ళు పట్టాడు. ఆ తర్వాత పాతికేళ్ళలో అతని చేతికి లైటిచ్చే ధైర్యం ఎవరూ చెయ్యలేదు. ఇరవై మంది పనివాళ్ళున్న మనిషి. వీధిలోంచి ఎవరైనా చూస్తున్నారేమోనని ఒకసారి వెనక్కి తిరిగి చూసుకుని, లైటు అందుకున్నాడు.

"ఏది విప్పమంటారు తాతగారూ?" అంది చందన.

"ఎక్కడ కారుతోందో అక్కడే."

చందన మొహం చిన్నబోయింది. అయినా టాపెట్ కవరు మీద మొదటి నట్టుకి పానా తగిలించింది. అది కదిలీ కదలకముందే లైటు రెండో నట్టు మీదికి పోయింది. తర్వాతి పని చూసుకోవడం తండ్రికి అలవాటు. చీకట్లో పానా జారింది. పిల్ల వేళ్ళతో తడుముకుంటూ నట్టుని వెతుక్కుంది.

మేస్త్రీ లేచి వచ్చి, నాంచారయ్య మణికట్టు పట్టుకుని లైటుని బెత్తెడు వెనక్కి జరిపాడు. మళ్ళీ వెళ్ళి కూర్చున్నాడు.

నట్టు ఊడింది. లైటు ఈసారి నూనె కారిన మూలకి పోయింది. తప్పు ఎక్కడుందో చూడాలని తండ్రికి ఆత్రం. మేస్త్రీ మళ్ళీ లేచాడు, మళ్ళీ మణికట్టు పట్టుకున్నాడు.

"నువ్వు చూడాలనుకున్నది కాదురా. అమ్మాయి చూస్తున్నది" అన్నాడు.

నాంచారయ్యకి ఉక్రోషం వచ్చింది. పెద్దాయన ముందు దాన్ని మింగేసి, గత్యంతరం లేక కూతురి కళ్ళకేసి చూడటం మొదలుపెట్టాడు. కళ్ళు ఎటు తిరిగితే లైటు అటు. అలా చేస్తుంటే ఆ వెలుగులో పడేవన్నీ అతనూ చూడాల్సి వచ్చింది.

పిల్ల ఊడదీసిన నట్టునీ, దానికింది రబ్బరునీ, వాషరునీ పేపరు మీద వచ్చిన వరసలోనే పెట్టింది. రెండో నట్టు సామాను దీంతో కలవకుండా విడిగా పెట్టింది. కవరు అతుక్కుపోయి రానంటే స్క్రూడ్రైవరు దూర్చి పెళ్ళగించలేదు. అరచేత్తో చుట్టూ మెల్లగా తట్టింది. కోపంగా ఉన్న పిల్లాణ్ణి సముదాయించినట్టు నాలుగు వైపులా తట్టి, వదులయ్యాక రెండు చేతులతో పైకెత్తింది. ఇవేవీ అతను నేర్పలేదు. ఆరేళ్ళ నుంచి తన దగ్గరున్న కుర్రాళ్ళు ఇప్పటికీ స్క్రూడ్రైవరే దూరుస్తారు. ఇన్ని నెలలు పక్కన పనిచేసిన కూతురి చేతుల్ని తను ఒక్కసారీ చూడలేదని అతనికి అప్పుడు తట్టింది. పానా ఎప్పుడూ తన చేతిలోనే ఉండేది మరి.

కవరు కింద ప్యాకింగ్ కనపడింది. వారం కిందట వేయించి మర్చిపోయిన అప్పడంలా అంచులు విరిగిపోయి, నట్లున్న రెండు చోట్లా పిండినట్టు బయటికొచ్చి, నిలువునా చీలి ఉంది.

"ఇదే తాతగారూ, నేను చేసిన పని" అంది చందన. "ముందు చేత్తో బిగించాను. తర్వాత పానాతో సగం చుట్టే వేశాను. కార్కు కాస్త అణిగితే చాలు, గట్టిగా బిగిస్తే చీలుతుందని పుస్తకంలో చదివాను. అలాగే చేశాను. అయినా చీలిపోయింది. నాకు చెయ్యి తిరగదేమో తాతగారూ. నా వల్లే కదా నాన్న ఇంజిన్ తీసేస్తున్నాడు."

లైటు కదలకుండా ఉండిపోయింది.

నాంచారయ్యకి ఆ సాయంత్రం గుర్తొచ్చింది. చందన చేతులు కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి వెళ్ళింది. తను అటుగా వెళ్తున్నాడు. చెయ్యి వెనక జేబులోకి పోయింది. ఒక నట్టు మీద పావు చుట్టు, రెండో నట్టు మీద పావు చుట్టు. చూడను కూడా చూడలేదు. ఎవరితోనో మాట్లాడుతూ వేశాడు.

తల తీసి మొలేసినట్టయింది.

ఊరుకుంటే ఊరుకోవచ్చు. కార్కు పాత సరుకనొచ్చు, చీలడం మామూలేననొచ్చు, పిల్ల నమ్ముతుంది. వెలుగు పడుతున్నది ఆమె మొహం మీద. లైటు వెనక ఉన్న అతని మొహం ఎవరికీ కనపడదు. బాజీ మేస్త్రీ అటు తిరిగి బిస్కట్టు టీలో ముంచుకుంటున్నాడు.

ఇదే షెడ్డులో తను మొదటి ఇంజిన్ బిగించిన రోజు అతనికి గుర్తొచ్చింది. అప్పుడు పద్దెనిమిదేళ్ళు. మేస్త్రీ వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని ఇంజిన్ చుట్టూ ఒకసారి తిరిగాడు. ఒక్క నట్టు కూడా ముట్టుకోలేదు. తాళంచెవి తన చేతికిచ్చి, పెళ్ళాంపిల్లల్ని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని, "కొండపల్లి దాకా పోనియ్" అన్నాడు. ఆ రోజు దారి పొడుగునా తను ఎంత నిటారుగా కూర్చుని నడిపాడో నాంచారయ్య మర్చిపోలేదు.

"చందనా" అన్నాడు. "అది చీల్చింది నేను."

పిల్ల తలెత్తింది.

"నువ్వు చేతులు కడుక్కోవడానికి వెళ్ళావు చూడు, అప్పుడు ఇంకో పావు చుట్టు బిగించాను. రెండిటినీ."

"ఎందుకు నాన్నా?"

అలవాటమ్మా అని చెప్పడం తేలిక. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని వెనక్కి తోసేశాడు.

"నువ్వు బిగించావని."

చందన చీలిన ప్యాకింగ్‌ని చేతిలోకి తీసుకుని, చీలిక మీద వేలుతో రాసింది. తర్వాత మెల్లగా అడిగింది.

"అయితే నేను సరిగ్గానే బిగించానా?"

"సరిగ్గానే బిగించావు తల్లీ. నాకంటే సరిగ్గా."

ఆ పిల్ల మొహంలో మూడు వారాల తర్వాత వెలుగు కనపడింది. అది చేతిలో ఉన్న లైటుది కాదు. నాంచారయ్యకి కళ్ళు చెమర్చాయి. సిగ్గూ సంతోషమూ ఒకేసారి వస్తే ఏం చెయ్యాలో తెలియక మేస్త్రీ వైపు తిరిగాడు.

"ఇంతకీ ఏ ఇంజిన్ పెట్టమంటారు మేస్త్రీ?"

"పానా నా చేతిలో లేదు కదరా" అన్నాడు బాజీ మేస్త్రీ.

నాంచారయ్య కూతురి వైపు తిరిగాడు. ఈసారి ఏమీ వర్ణించలేదు. "ఏది పెడదామమ్మా?" అని ఊరుకున్నాడు.

చందన బండిలోంచి కాలేజీ సంచీ తెచ్చి, ఫిజిక్సు నోటుపుస్తకం చివరి పేజీ తీసింది. "నాలుగు సిలిండర్లకీ ఒత్తిడి కొలిచే గేజి పెట్టి చూశాను. నూట ముప్పై, నూట ఇరవై ఎనిమిది, ఎనభై, నూట ముప్పై. మూడోదే తక్కువ. దాంట్లో కాస్త నూనె పోసి మళ్ళీ చూస్తే నూట పది దాకా పెరిగింది. అంటే వాల్వులు బాగానే ఉన్నాయి, పిస్టను రింగు పోయింది. పొగంతా ఆ ఒక్కదాని నుంచే వస్తోంది. మిగతా ఇంజిన్ గట్టిగానే ఉంది నాన్నా. దీన్నే ఉంచుదాం."

నాంచారయ్య ఆ అంకెల్ని చూశాడు. నూనె పోసి రెండోసారి కొలవాలన్న ఆలోచన తనకి వచ్చేనాటికి తన వయసు పాతికేళ్ళు.

"ఇదెప్పుడు చూశావు?"

"నువ్వు ఇంజిన్ల కోసం గుంటూరు వెళ్ళిన రోజు."

"మరి చెప్పవేం?"

"నువ్వు ఆ మూడింట్లో ఏది కావాలనే అడిగావు కదా నాన్నా."

బాజీ మేస్త్రీ టీ గ్లాసు కింద పెట్టి, మీసాల్లో నవ్వుకుంటూ తన కార్బురేటరు పనిలో పడ్డాడు. వెళ్ళేటప్పుడు శిష్యుడు లైటుని మేకుకి తగిలించబోతే, "తీసుకెళ్ళు, నీకు పనుంది" అన్నాడు.

ఆ రెండు నెలలూ నాంచారయ్య షెడ్డులో పనివాళ్ళు నవ్వు ఆపుకోలేక చచ్చారు. సాయంత్రమయ్యేసరికి యజమాని వైరు నిండా టేపులున్న పాత లైటు పట్టుకుని అంబాసిడర్ పక్కన నిలబడేవాడు. లోపల కూతురు. "ఇటు నాన్నా" అంటే ఇటు, "అటు నాన్నా" అంటే అటు. మూడో పిస్టను బయటికి తీసిన రోజు రింగు రెండు ముక్కలై చందన అరచేతిలో పడింది. నాంచారయ్య ఆ రెండు ముక్కల్నీ చొక్కా జేబులో వేసుకుని పిచ్చేశ్వరరావుతో సహా ఆటోనగర్ అంతా తిప్పి చూపించాడు. చెప్పిందే చెబుతున్నాడని జనం తప్పుకు తిరిగారు.

ప్రదర్శన రోజు తెల్లవారగానే చందన తల దువ్వుకుంటుండగా నాంచారయ్య ఒక్కడే బండి దగ్గరికొచ్చాడు. బానెట్టు ఎత్తాడు. టాపెట్ కవరు మీద రెండు నట్లు తళతళలాడుతున్నాయి. వందలమంది చూస్తారు. ఒక్క చుక్క కారినా పిల్ల తట్టుకోలేదు. చెయ్యి వెనక జేబులోకి పోయింది, పానా బయటికి కూడా వచ్చింది. కాసేపు దాన్ని అలాగే పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత పానా జేబులో పెట్టేసి, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని ఇంజిన్ చుట్టూ ఒకసారి తిరిగి బానెట్టు దించాడు.

దారిలో బాజీ మేస్త్రీని వెనక సీట్లో ఎక్కించుకున్నారు. మైదానంలో బండి ఆపగానే ఆయన భుజం మీది తెల్ల తువ్వాలు తీసి, ఇంజిన్ కింద నేల మీద పరిచాడు. ఎందుకని ఎవరూ అడగలేదు. తండ్రీ కూతుళ్ళకి తెలుసు.

ఎండెక్కేసరికి ఆకుపచ్చ అంబాసిడర్ చుట్టూ జనం మూగారు. ఇంజిన్ ఆన్ చేసి ఉంది. పొగ లేదు, దడదడ లేదు. చందన ఎవరేమడిగినా జంకు లేకుండా చెబుతోంది. జనంలోంచి పిచ్చేశ్వరరావు దూరి వచ్చి బానెట్టు కిందికి వంగి చూశాడు.

"ఏం నాంచారయ్యా, పాత ఇంజినే ఉంచావే! ఎవరు చేశారిది?"

"మా అమ్మాయి."

"పిల్ల చేసిందంటే ఎవరు నమ్ముతారయ్యా? చివర్లో బిగువు మాత్రం నీదే అయ్యుంటుంది."

బాజీ మేస్త్రీ మెల్లగా వంగి, బండి కింది నుంచి తువ్వాలు లాగాడు. రెండుసార్లు దులిపి, అటూ ఇటూ తిప్పి చూసి, తెల్లగా ఉన్నదాన్ని ఉన్నట్టే మళ్ళీ భుజం మీద వేసుకున్నాడు.

నాంచారయ్య చుట్టూ ఉన్న నలుగురికీ వినపడేలా గొంతు పెంచాడు.

"బిగువూ అమ్మాయిదే. నేను లైటు పట్టాను."